కట్టిన జరిమానా, విప్పించిన బట్టలు

2005లో న్యూజెర్సీ రోడ్డు మీద ఒక కారును పోలీసులు ఆపిన్రు. నడుపుతున్నది భార్య. పక్క సీట్లో భర్త, వెనక చిన్న పిల్లవాడు. కారు భర్త పేరు మీద ఉన్నది. ఆ పేరు కంప్యూటర్లో కొడితే పాత జరిమానా కట్టలేదని వారంట్ కనబడ్డది. నిజానికి ఆయన ఆ జరిమానా రెండేళ్ల కిందనే కట్టేసిండు. ఎప్పుడన్నా అవసరం పడుతుందని, కట్టినట్టు రుజువు చేసే కాగితం కూడా కారులోనే పెట్టుకున్నడు. కాగితం చూపించినా పోలీసులు సంకెళ్లు వేసిన్రు. కంప్యూటర్ ఒక మాట చెప్పింది, మనిషి చేతిలోని కాగితం ఇంకొక మాట చెప్పింది. గెలిచింది కంప్యూటర్.

ఆయన ఒక కౌంటీ జైల్లో ఆరు రోజులున్నడు. తర్వాత ఇంకొక కౌంటీ జైలుకు పంపిన్రు. రెండు చోట్లా బట్టలు విప్పించి సోదా చేసిన్రు. నోరు తెరువు, నాలుక ఎత్తు, వంగు, దగ్గు. చివరికి జడ్జి ముందుకు పోయినంక కేసే లేదని తేలింది. అమెరికా న్యాయశాస్త్రంలో దీన్ని ఫ్లోరెన్స్ కేసు అంటరు. 2012 ఏప్రిల్ 2న అమెరికా సుప్రీంకోర్టు దీని మీద తీర్పు చెప్పింది. ఆయన ఓడిపోయిండు. అయిదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు ఇంకొకవైపు.

మనోళ్లలో చాలామందికి ఈ కేసు తెలవదు. తెలిసిన కొద్దిమంది కూడా ఇది నల్లజాతి వాళ్ల సమస్య, మనది కాదు అనుకుంటరు. అందుకే ఈ వ్యాసం రాయవలసి వచ్చింది.

ముందు రెండు పక్షాల వాదన సూటిగా చూద్దాం. మెజారిటీ తీర్పు రాసింది జస్టిస్ కెన్నెడీ. జైళ్లల్లకు ఏటా కోటీ ముప్ఫై లక్షల సార్లకు పైగా మనుషులు వస్తుంటరు, ఎవరి ఒంటి మీద కత్తి ఉన్నదో, ఎవరి దగ్గర మత్తు మందు ఉన్నదో జైలు సిబ్బందికి ముందు తెలవదు అని ఆయన వాదన. చిన్న నేరం మీద దొరికినవాళ్లు పెద్ద నేరస్తులు కావచ్చునని కూడా అన్నడు. ఓక్లహామా బాంబు దాడి చేసిన మెక్వే దొరికింది కారుకు నంబర్ ప్లేటు లేనందుకు. సెప్టెంబర్ 11 దాడి చేసినవాళ్లలో ఒకడికి రెండు రోజుల ముందే స్పీడింగ్ టికెట్ పడ్డది. కాబట్టి జైల్లో మిగతా ఖైదీలతో కలిపి ఉంచే ప్రతి మనిషినీ, అనుమానం ఉన్నా లేకున్నా, బట్టలు విప్పించి సోదా చేయవచ్చు అన్నది తీర్పు సారం.

భిన్నాభిప్రాయం రాసింది జస్టిస్ బ్రేయర్. ఆయన లెక్క చూపించిండు. న్యూయార్క్ రాష్ట్రంలో ఆరెంజ్ కౌంటీ జైలుకు వచ్చిన 23,000 మంది మీద ఒక కోర్టు పరిశీలన జరిగింది. నిషేధిత వస్తువులు దొరికింది అయిదుగురి దగ్గర. ఆ అయిదుగురిలో నలుగురి మీద ముందే అనుమానపడటానికి కారణాలున్నయి. అంటే కారణం లేకుండా బట్టలు విప్పించినందువల్ల మాత్రమే దొరికింది 23,000 మందిలో ఒక్కరు. కనీసం పది రాష్ట్రాల్లో అనుమానం లేని సోదాను చట్టమే నిషేధించిందని, అక్కడి జైళ్లు కూలిపోలేదని కూడా ఆయన గుర్తు చేసిండు.

నేను వకీలును కాదు. డేటాబేసుల మీద పని చేసి బతికేవాణ్ని. ఈ కేసులో నన్ను కుదిపింది రాజ్యాంగం కన్నా ముందు ఆ రికార్డు. డబ్బు కట్టినంక వారంట్ వరుసను తీసేయాలె. ఎవరో తీసేయలేదు. లేదా ఒక సిస్టంలో తీసేస్తే రెండో సిస్టంకు చేరలేదు. మా వృత్తిలో ఇది రోజూ జరిగే తప్పు. ఒక బ్యాంకులో జరిగితే కస్టమర్ ఫోన్ చేస్తడు, మేం సారీ చెప్తం, రాత్రికల్లా సరిచేస్తం. పోలీసు డేటాబేసులో జరిగితే ఒక మనిషి పిల్లవాడి ముందర సంకెళ్లతో పోయి, తెలవని మనుషుల ముందర బట్టలిప్పి నిలబడతడు.

ఇది ఒక్కసారి జరిగిన వింత కూడా కాదు. 2009లో హెర్రింగ్ కేసు ఇదే సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అలబామాలో ఒక వారంట్‌ను అయిదు నెలల కిందనే రద్దు చేసిన్రు, పక్క కౌంటీ కంప్యూటర్లో మాత్రం అది బతికే ఉన్నది. ఆ చచ్చిన వారంట్ మీద అరెస్టు చేసి సోదా చేసిన్రు. పోలీసులు కావాలని చేసింది కాదు, రికార్డుల పొరపాటు కాబట్టి ఆ సోదాలో దొరికిన సాక్ష్యం చెల్లుతుంది అన్నరు. మళ్లీ అయిదుగురు, నలుగురు. తప్పు కంప్యూటర్ మీదికి పోయింది. కంప్యూటర్‌ను జైల్లో పెట్టలేరు గదా. అట్లా తప్పు ఎవరిదీ కాకుండా పోయింది.

ఇక బాధితుల చేతిలో ఉన్న ఆయుధం గురించి. అంతర్యుద్ధం తర్వాత దక్షిణ రాష్ట్రాల్లో కు క్లక్స్ క్లాన్ నల్లవాళ్లను చంపుతుంటే 1871లో అమెరికా ఒక చట్టం చేసింది. ప్రభుత్వ అధికారం వాడుకుని ఎవరన్నా నీ రాజ్యాంగ హక్కును కాలరాస్తే నువ్వు నేరుగా ఫెడరల్ కోర్టుకు పోయి నష్టపరిహారం అడగవచ్చు. నేటికీ దాన్ని సెక్షన్ 1983 అంటరు. ఆ చట్టం దాదాపు తొంభై ఏండ్లు మూలన పడి ఉన్నది. దాన్ని లేపి నిలబెట్టింది 1961లో వచ్చిన మన్రో తీర్పు. షికాగోలో పదముగ్గురు పోలీసులు తెల్లవారుజామున ఒక నల్లజాతి కుటుంబం ఇంట్లో చొరబడి, పక్కల మీది నుంచి లేపి, హాల్లో నగ్నంగా నిలబెట్టి ఇల్లంతా గాలించిన్రు. ఆ కుటుంబం వేసిన దావాతోనే ఈ దేశంలో పోలీసుల మీద పౌరులు దావా వేసే దారి తెరుచుకున్నది. 1978లో ఇంకొక తీర్పు వచ్చి, అధికారి మీదనే కాదు, తప్పుడు పద్ధతిని నడిపిన నగరం మీద కూడా దావా వేయవచ్చు అన్నది.

ఆ దారిలో ఎంతోమంది నడిచిన్రు. చిన్న చిన్న కేసుల మీద తెచ్చిన వేలాది మందిని బట్టలు విప్పించి సోదా చేసినందుకు న్యూయార్క్ నగరం 2001లో 5 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చింది. మహిళా ఖైదీలను గుంపులుగా నిలబెట్టి సోదా చేసినందుకు లాస్ ఏంజెలిస్ కౌంటీ 2019లో 5 కోట్ల 30 లక్షల డాలర్లకు ఒప్పుకున్నది. మిల్వాకీలో పోలీసులు నల్లజాతి మగవాళ్లను నడివీధిలోనే ఒంటి లోపలి భాగాల్లో చేయిపెట్టి వెతికిన్రు. అక్కడ నలుగురు అధికారుల మీద క్రిమినల్ కేసులు పడ్డయి, ఒకరికి 2013లో 26 నెలల జైలు శిక్ష పడ్డది. 2016లో నగరం 74 మందికి కలిపి 50 లక్షల డాలర్లు ఇచ్చింది.

న్యూమెక్సికోలో డెమింగ్ అనే చిన్న ఊరిది ఇంకొక కథ. 2013 జనవరిలో ఒకాయన స్టాప్ సైన్ దగ్గర పూర్తిగా ఆగలేదని పోలీసులు పట్టుకున్నరు. ఆయన నిలబడ్డ తీరు చూసి ఒంట్లో మత్తు మందు దాచుకున్నడని అనుమానపడ్డరు. మొదటి ఆసుపత్రిలో డాక్టరు ఇది వైద్యనీతికి విరుద్ధం, నేను చేయను అన్నడు. ఇంకొక కౌంటీలో రెండో ఆసుపత్రికి తీసుకుపోయిన్రు. ఎక్స్‌రేలు, వేళ్లతో పరీక్షలు, ఎనిమాలు, చివరికి మత్తిచ్చి కొలనోస్కోపీ. ఏమీ దొరకలేదు. పైగా ఆసుపత్రి బిల్లు ఆయనకే పంపిన్రు. దావా వేస్తే ఊరు, కౌంటీ కలిసి 16 లక్షల డాలర్లు కట్టినయి. ఈ కథలో నాకు గుర్తుండిపోయింది ఆ మొదటి డాక్టరు. చట్టం పేరు చెప్పి పోలీసు ముందర నిలబడ్డా, చేయను అని ఒక్క మాట అన్నడు. వ్యవస్థలో అట్లాంటి మనిషి ఒక్కడుంటే ఒక రోజు ఆగుతుంది. అట్లాంటి నియమం ఉంటే రోజూ ఆగుతుంది.

ఈ కోట్ల డాలర్లు చూసి న్యాయం గెలిచింది అనుకోవద్దు. ఆ డబ్బు ఎవరిది? న్యాయశాస్త్ర ఆచార్యురాలు జొయానా ష్వార్ట్జ్ 2014లో ప్రచురించిన అధ్యయనంలో అమెరికాలోని పెద్ద పోలీసు శాఖల లెక్కలు తీసింది. 2006 నుంచి 2011 దాకా ఇట్లాంటి కేసుల్లో బాధితులకు చేరిన సొమ్ములో అధికారులు జేబు నుంచి కట్టింది 0.02 శాతం. వంద డాలర్లలో రెండు సెంట్లు. మిగతా అంతా నగరాలది, అంటే పన్నులు కట్టే మనది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. దీనికి తోడు అధికారులకు ఒక రక్షణ కవచం ఉన్నది. హక్కు భంగం జరిగినా, అది హక్కు భంగమని ముందే స్పష్టమైన తీర్పు లేకపోతే అధికారి బాధ్యుడు కాడు. 2009లో అరిజోనా బడిలో పదమూడేండ్ల అమ్మాయిని నొప్పి మాత్రల కోసం లోదుస్తుల దాకా సోదా చేసిన కేసులో ఎనిమిది మంది జడ్జీలు అది రాజ్యాంగ విరుద్ధం అన్నరు. కానీ చేసిన సిబ్బంది మాత్రం ఆ కవచం కింద బయటపడ్డరు.

ఇప్పుడు మన సంగతి. మన సంఘాల్లో, మన వాట్సప్ గ్రూపుల్లో ఈ విషయం మీద కోపం లేదని ఎవరన్నరు? 2010లో మన రాయబారి మీరా శంకర్‌ను జాక్సన్ విమానాశ్రయంలో తడిమి చూసినప్పుడు కోపం వచ్చింది. 2011లో న్యూయార్క్‌లో కలాం గారి కోటు, బూట్లు తీసుకుపోయి తనిఖీ చేసినప్పుడు కోపం వచ్చింది. 2013 డిసెంబర్ 12న న్యూయార్క్‌లో దేవయాని ఖోబ్రగడేను అరెస్టు చేసి బట్టలు విప్పించి సోదా చేసినప్పుడు భారతదేశమంతా మండిపోయింది. ఢిల్లీలో అమెరికా రాయబార కార్యాలయం ముందర బారికేడ్లు తీసేసిన్రు. ఆ కోపం న్యాయమైనదే. వీసా కాగితాల కేసులో అరెస్టయిన మనిషి బట్టల కింద ఏం ఆధారం దొరుకుతుంది?

కానీ ఆ కోపం ఎట్లాంటిదో కూడా చూడాలె. మన వాదన ఏంది? ఆమె దౌత్యవేత్త, చదువుకున్న మనిషి, మామూలు నేరస్తుల లెక్క చూస్తరా అని. అంటే మామూలు మనిషికైతే పరవాలేదన్నమాట. ఆ కేసుకు మూలం ఇంట్లో పనిచేసిన ఒక భారతీయ మహిళకు కాగితాల మీద చూపిన జీతం ఇవ్వలేదన్న ఆరోపణ. ఆ పనిమనిషి గౌరవం గురించి మన గ్రూపుల్లో పది మెసేజులన్నా పడలేదు. అవతల ప్రాసిక్యూటర్ ప్రీత్ భరారా జవాబు ఏందంటే, ధనికులైనా పేదలైనా, అమెరికన్లైనా కాకున్నా అందరికీ ఇదే పద్ధతి అని. మనం హోదా చూపించి మినహాయింపు అడిగినం. వాళ్లు సమానత్వం చూపించి అవమానాన్ని సమర్థించుకున్నరు. రెండూ తప్పే. అందరినీ సమానంగా అవమానించుడు సమానత్వం కాదు. కొందరిని మాత్రమే అవమానించవద్దనుడు గౌరవం కాదు.

2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ అనే నకిలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు చిక్కుకున్నవాళ్లల్ల ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు బిగించిన్రు. అప్పుడు మనలో చాలామంది అన్న మాట, తెలివిలేక చేరిన్రు, అనుభవిస్తరు అని. దౌత్యవేత్తకు ఒక న్యాయం, అప్పు చేసి వచ్చిన కరీంనగర్, గుంటూరు పిల్లవాడికి ఒక న్యాయం పెట్టుకున్న మనం ఎవరిని అడుగుతం?

ఇంకా దగ్గరికి వస్తే మన ఇంటి సంగతి. భారత చట్టం ఈ విషయంలో కాగితం మీద అమెరికా కన్నా మెరుగ్గానే ఉన్నది. అరెస్టయిన మహిళను మరో మహిళ మాత్రమే, మర్యాద పాటించి సోదా చేయాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్ చెప్పింది. 2024 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త సంహితలో 49వ సెక్షన్ అదే చెప్తది. 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ధర్మాసనం సంకెళ్లు వేయడం అలవాటుగా చేయవద్దు, వేస్తే ఎందుకు వేసిన్రో రాయాలె అన్నది. 2017లో తొమ్మిది మంది జడ్జీలు వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అన్నరు. కారణం ఉంటేనే ముట్టాలె, ముట్టితే కారణం రాయాలె అన్నది మన సుప్రీంకోర్టు దారి. ఫ్లోరెన్స్ తీర్పు దారి దీనికి ఎదురు.

అయితే కాగితం మీది హక్కుకు మన దగ్గర ధర ఎంత? 1965లో కస్తూరిలాల్ కేసులో పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని ఠాణాలోని హెడ్ కానిస్టేబులే ఎత్తుకుని పారిపోతే, అది సార్వభౌమ అధికారం కింద జరిగిన పని కాబట్టి ప్రభుత్వం నష్టపరిహారం ఇయ్యక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది. కంచే చేను మేస్తే కంచెను అడగవద్దు అన్నట్టు. ఆ గోడకు బీట వేసిన తీర్పుల్లో ఒకటి మన తెలుగు నేల మీద పుట్టింది. 1977లో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైల్లో ఉన్న తండ్రీ కొడుకుల మీద ప్రత్యర్థులు బాంబులు వేసిన్రు. ప్రమాదం ఉందని ముందే చెప్పినా రక్షణ ఇయ్యలేదు. తండ్రి చనిపోయిండు. కొడుకు చల్లా రామకృష్ణారెడ్డి దావా వేసిండు. ఖైదీకి కూడా ప్రాణం మీద హక్కు ఉన్నది, ఆ హక్కు ముందర సార్వభౌమత్వం కవచం పనిచేయదు అని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2000 సంవత్సరం వచ్చింది. 23 ఏండ్లు. బాంబులకే అంత కాలం పడితే, ఠాణాలో బట్టలు విప్పించిన కానరాని గాయానికి ఎవరు దావా వేస్తరు, ఎవరు గెలుస్తరు?

తెలంగాణ కోసం కొట్లాడినోళ్లం. ఉస్మానియాలో లాఠీలు, బాష్పవాయువు చూసిన తరం మనది. ఆ పోలీసు మనోడు కాదు, అందుకే కొట్టిండు అనుకున్నం. రాష్ట్రం వచ్చింది. కొత్త ఇన్నోవాలు వచ్చినయి, షీ టీమ్స్ వచ్చినయి, బంజారాహిల్స్‌లో కమాండ్ కంట్రోల్ సెంటర్ లేచింది. కార్డన్ సెర్చ్ పేరుతో బస్తీలను చుట్టుముట్టి ఇల్లిల్లూ గాలించుడు మాత్రం ఆగలేదు. అది జూబ్లీహిల్స్‌లో జరిగినట్టు ఎప్పుడన్నా విన్నమా? 2021 అక్టోబర్‌లో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి, ఫోన్లు తీసుకుని, గంజాయి అనే మాట కోసం వాట్సప్ వెతికిన్రు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో రోడ్డు మీద ఆపి ఫొటో తీసుకున్నందుకు ఒక సామాజిక కార్యకర్త ముఖం గుర్తుపట్టే టెక్నాలజీ మీద తెలంగాణ హైకోర్టుకు పోయిండు. సోదా చేసే చేతులు మనవే అయినంత మాత్రాన సోదా న్యాయం అయిపోదు.

ఆ కమాండ్ సెంటర్ల వెనక డేటాబేసులు రాసేది మాలాంటోళ్లమే. కాబట్టి నా వృత్తి నుంచే అడుగుత. వారంట్ రికార్డుకు గడువు ఉండాలె. గడువు దాటితే మళ్లీ ధృవీకరించేదాకా దాని మీద ఎవరినీ అరెస్టు చేయవద్దు. మనిషి కాగితం చూపిస్తే ఆ ఫిర్యాదును అక్కడికక్కడే పరిశీలించే బాధ్యత ఒక పేరున్న అధికారికి ఉండాలె. సోదా చేస్తే ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో చేసిన్రో సంతకంతో రాయాలె. పరిహారం ఇవ్వవలసి వస్తే అందులో కొంత భాగమైనా ఆ సంతకం పెట్టినవాళ్ల నుంచి, వాళ్ల పైవాళ్ల నుంచి రావాలె. మన ఆఫీసుల్లో ఒక చిన్న కోడ్ మార్పుకు ఎవరు ఆమోదించిన్రో రికార్డు ఉంటది. మనిషి ఒంటి మీద చెయ్యి వేసే పనికి అంతకన్నా తక్కువ రికార్డు ఉండుడు ఏం న్యాయం?

ఇక్కడ ఉన్న మనోళ్లకు కొన్ని మాటలు. ట్రాఫిక్ టికెట్లు వెంటనే కట్టండి, రసీదు దాచుకోండి, కోర్టు వెబ్‌సైటులో కేసు మూసినట్టు చూసుకోండి. పోలీసు సోదా చేస్తానంటే ఒప్పుకోవడం లేదని నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. చేతులతో మాత్రం అడ్డుపడవద్దు. పేర్లు, బ్యాడ్జి నంబర్లు, సమయం గుర్తుపెట్టుకుని బయటికి రాగానే రాసుకోండి. భారత పౌరులైతే కాన్సులేట్‌కు తెలియజేయమని అడిగే హక్కు వియన్నా ఒప్పందం కింద ఉన్నది. న్యూజెర్సీలో రాష్ట్ర చట్టం కింద ప్రభుత్వ సంస్థ మీద దావా వేయాలంటే 90 రోజుల్లో నోటీసు ఇవ్వాలె. సెక్షన్ 1983 దావాకు రెండేండ్ల గడువు. ఇజ్జత్ పోతుందని ఇంట్లోనే మూసి పెట్టుకుంటే ఆ గడువులు దాటిపోతయి. మిల్వాకీలో 74 మంది గెలిచింది మొదట నోరు విప్పినవాళ్లు ఉన్నందుకే.

మన సంఘాలు ఏటా సభలకు నాయకులను పిలుస్తయి, శాలువాలు కప్పుతయి. ఈసారి వచ్చే మంత్రిని ఒక ప్రశ్న అడుగుదాం: మా ఊరి ఠాణాలో సోదా చేస్తే కారణం రాసే రిజిస్టర్ ఉన్నదా? ఉంటే చూపించమందాం. లేకపోతే ఎప్పుడు పెడతరో చెప్పమందాం. దౌత్యవేత్త కోసం ఢిల్లీలో బారికేడ్లు తీయించిన దేశానికి, బోరబండ ఆటో డ్రైవర్ కోసం ఒక రిజిస్టర్ తెరుచుడు పెద్ద పని కాదు.